దొంగచాటుగా ఓడెక్కిన కుర్రాడు, తిమింగలాల వేట, తిరుగుబాటు: అపోహలు – వాస్తవాలు

తిమింగలాల వేటకు బయలుదేరిన ఓడలో ఒక కుర్రాడు దొంగచాటుగా దూరడం, అడుగున చీకట్లో పీపాల మధ్య రోజుల తరబడి దాక్కోవడం, ఈలోగా పైన సిబ్బంది తిరగబడి కెప్టెన్‌ను చంపేయడం అనే వరుసలో సాగే కథలకు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఆదరణ తగ్గలేదు. నేను సరుకు ఓడల్లో చీఫ్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. సరుకు నింపించడం, హోల్డులు, అంటే ఓడ అడుగున సరుకు నింపే గదులు, తనిఖీ చేయడం, రేవు వదిలే ముందు ఓడలో ఎవరైనా దాగి ఉన్నారేమోనని మూలమూలా వెతికించడం నా విధుల్లో భాగం. మర్చంట్ నేవీలో చేరాలనుకునే విద్యార్థులు ఇలాంటి కథలు చదివి వచ్చి అడిగే ప్రశ్నల్లో కొన్ని నమ్మకాలు పదేపదే ఎదురవుతుంటాయి కాబట్టి వాటినే ఇక్కడ తీసుకున్నాను. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా తూర్పు తీరంలోని నాన్‌టుకెట్, న్యూ బెడ్‌ఫర్డ్ ప్రాంతాల ఓడలవి, ఎందుకంటే ఆనాటి తిమింగలాల వేటకు కేంద్రం అదే.

అపోహ: నీళ్ళు, రొట్టెలు దగ్గరుంటే చాలు, హోల్డులో వారాల తరబడి దాక్కోవచ్చు.

వాస్తవం: హోల్డులో దాక్కున్నవాణ్ణి ఆకలిదప్పుల కంటే ముందు చంపేది గాలి. మూసి ఉన్న చోట ఇనుము తుప్పు పట్టినా, కలప గానీ ధాన్యం గానీ బొగ్గు గానీ నిలవ ఉన్నా అక్కడి ఆక్సిజన్ నెమ్మదిగా హరించుకుపోతుంది. మామూలు గాలిలో 20.9 శాతం ఉండే ఆక్సిజన్ 10 శాతం దరిదాపులకు పడిపోతే మనిషి కొద్దిసేపట్లోనే స్పృహ తప్పుతాడు, పైగా ఆ లోటుకు రంగూ వాసనా ఉండవు గనుక ప్రమాదంలో ఉన్నానన్న సంగతే అతనికి తెలియదు. అందుకే మేము హోల్డులోకి మనిషిని దింపే ముందు ఆక్సిజన్ కొలిచే మీటరు గొట్టాన్ని లోపలికి వదిలి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా గాలిని కొలిచి, మూడింటిలోనూ సరైన అంకె కనిపించాకే అనుమతి పత్రం మీద సంతకం పెడతాము. కాకినాడలో బియ్యం నింపుకొని పశ్చిమ ఆఫ్రికా రేవులకు వెళ్ళే ఓడల్లో మరో ముప్పు కూడా ఉంటుంది. పురుగు పట్టకుండా హోల్డుల్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ పెట్టి మూతలు బిగించేస్తారు, గాలిలోని తేమ తగలగానే దాని నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. మూతలు బిగించే ముందు ఆ హోల్డులోకి ఎవరూ చూడకుండా దిగినవాడు బతికి బయటపడడం కల్ల.

చెక్క ఓడలో తుప్పు బాధ తక్కువే అయినా బిల్జ్‌లో, అంటే ఓడ అట్టడుగు భాగంలో, మురిగిన నీటి నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉండేది. అసలు వేట ఓడ హోల్డులో మనిషి దూరేంత చోటు దొరకడమే కష్టం. మూడు నాలుగేళ్ళ ప్రయాణానికి సరిపడా తిండి, మంచినీళ్ళు, విడి సామాను అన్నీ పీపాల్లో నింపి, వరస మీద వరస పేర్చి, ఓడ ఊగినా కదలకుండా సందుల్లో చెక్కముక్కలు దిగగొట్టేవారు. ఆ బిగింపు ఏ తుఫానులోనైనా వదులైతే మనిషి బరువుకు ఎన్నో రెట్లుండే పీపా అడ్డం వచ్చినదాన్నల్లా నుజ్జు చేస్తూ దొర్లేది. తిమింగలం నూనె బాగా చేరాక మరో నిత్యకృత్యం మొదలయ్యేది. పీపా చెక్కలు ఎండి బీటలు వారకుండా వారానికి రెండుసార్లు హోల్డులోకి గొట్టం వేసి సముద్రపు నీటితో పీపాలను తడిపేవారు, తర్వాత ఆ నీటిని పంపుతో తోడేటప్పుడు దాని మీద నూనె తేలుతుందేమో చూసి పీపాలు కారుతున్నదీ లేనిదీ పసిగట్టేవారు. అంతమంది కళ్ళు, అన్నిసార్లు పడే ఆ చోటును రహస్య స్థావరంగా ఊహించడం కథకుల వెసులుబాటు మాత్రమే.

అపోహ: ఇంట్లో ఒప్పుకోని కుర్రాళ్ళకు వేట ఓడ ఎక్కాలంటే దొంగచాటుగా దూరడం తప్ప గతి లేదు.

వాస్తవం: రాజమార్గమే బార్లా తెరిచి ఉన్నప్పుడు దొడ్డిదారి ఎందుకు? వేట ఓడలకు మనుషుల కొరత ఎప్పుడూ ఉండేది కాబట్టి సముద్రం ముఖం చూడనివాణ్ణి కూడా ఏజెంట్లు పోగుచేసి ఎక్కించేవారు. 1819లో నాన్‌టుకెట్ నుంచి బయలుదేరిన ఎసెక్స్ ఓడలో థామస్ నికర్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడు సక్రమంగా పేరు రాయించుకునే పనిలో చేరాడు. కొత్తవాడికి జీతమంటూ ఉండేది కాదు, ఓడ ఆర్జనలో 150 నుంచి 200 వంతుల్లో ఒక వంతు దక్కేది. మధ్యలో ఓడ కొట్లోనే అప్పు మీద అధిక ధరకు కొనుక్కున్న బట్టలు, పొగాకు ఖర్చు అందులోంచే మినహాయించేవారు గనుక ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగొచ్చినవాడి చేతికి దాదాపు ఏమీ రాకపోవడం సాధారణం. నిజానికి ఆ ఓడల్లో జనం దొంగచాటుగా ఎక్కడం కంటే దొంగచాటుగా దిగిపోవడమే ఎక్కువ. తర్వాతి కాలంలో గొప్ప నవలాకారుడిగా పేరు పొందిన హెర్మన్ మెల్విల్ కూడా 1842లో అకుష్నెట్ అనే వేట ఓడ నుంచి పసిఫిక్‌లోని నుకు హివా ద్వీపంలో పారిపోయినవాడే.

అపోహ: దొరికిపోయిన కుర్రాణ్ణి కెప్టెన్ రెండు తిట్లు తిట్టి, చివరకు సొంత కొడుకులా చూసుకుంటాడు.

వాస్తవం: అలా జరిగిన సందర్భం ఒకటి చరిత్రలో బాగా ప్రసిద్ధం. 1914లో బ్యూనస్ ఎయిరిస్ రేవులో పర్స్ బ్లాక్‌బరో అనే పద్దెనిమిదేళ్ళ వెల్ష్ కుర్రాడు తోటి నావికుల సాయంతో షాకిల్టన్ దక్షిణ ధ్రువ యాత్రా నౌక ఎండ్యూరెన్స్‌లో దాక్కున్నాడు. దొరికాక వంటశాలలో పనికి పెట్టారు. ఓడ మంచులో నలిగి మునిగాక అందరితోపాటు ఎలిఫెంట్ ద్వీపం చేరిన అతనికి చలికి పాదం చెడిపోయి, 1916 జూన్‌లో తిరగేసిన పడవల కింద వైద్యులు ఎడమ కాలి వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఆదరించిన ఓడలోనే అంతటి కష్టం.

ఆదరించని ఓడ సంగతి ఆరన్ అనే ఓడ ఉదంతం చెబుతుంది. 1868లో స్కాట్లండ్‌లోని గ్రీనక్ నుంచి క్విబెక్ బయలుదేరిన ఆ ఓడలో దాక్కున్న ఏడుగురిలో ఎక్కువమంది పిల్లలు, కొందరి కాళ్ళకు జోళ్ళు కూడా లేవు. మేటు, అంటే కెప్టెన్ కింది అధికారి, వాళ్ళను దారిపొడవునా హింసించాడు, చివరకు న్యూఫౌండ్‌లాండ్ దగ్గర సముద్రం మీద పేరుకున్న మంచు మీదికి వాళ్ళలో చాలామందిని దింపేసి, తీరం దాకా నడుచుకుపొమ్మని ఓడ ముందుకు సాగిపోయింది. ఇద్దరు చనిపోయారు, మిగిలినవారిని తీరవాసులు పడవ వేసుకొచ్చి కాపాడారు. ఎడిన్‌బరో కోర్టు కెప్టెన్‌కు వేసిన శిక్ష 18 నెలలు, మేటుకు 4 నెలలు. ఇది పాతకాలపు ముచ్చట అనుకోవడానికి కూడా వీల్లేదు. 1992లో ఎం.సి. రూబీ ఓడలో దాక్కున్న తొమ్మిదిమంది ఆఫ్రికన్లలో ఎనిమిదిమందిని సిబ్బందే చంపి సముద్రంలో పారేశారు, ప్రాణాలతో మిగిలిన ఒక్కడి సాక్ష్యంతో ఫ్రాన్స్ కోర్టు 1995లో కెప్టెన్‌కు, అతని తర్వాతి అధికారికి యావజ్జీవ శిక్ష వేసింది. ఇలా దొరికినవాడికి తిండి, నీరు, వైద్యం, పడుకునే చోటు ఇచ్చి తదుపరి రేవులో అధికారులకు అప్పగించడం ఈనాడు కెప్టెన్ బాధ్యత. అప్పగింతకు రేవులు సుముఖంగా లేకపోవడం, ఖర్చు ఓడ యజమాని మీద పడడం నిజమే గానీ, ఆ విసుగు దొరికినవాడి మీద చూపడానికి ఏ సాకూ చెల్లదు.

అపోహ: తిరుగుబాటు అంటే క్రూరుడైన కెప్టెన్‌పై సిబ్బంది అంతా ఒక్కతాటిపై నిలబడి లేవడం.

వాస్తవం: వేట ఓడల్లో గొడవలు చాలావరకు పని మానేసి కూర్చోవడంతోనే మొదలై అక్కడే ముగిసేవి. పైన చెప్పిన మెల్విల్ తర్వాత ఎక్కిన లూసీ ఆన్ ఓడలోనూ అదే జరిగింది, పనికి రామన్నవారిని తాహితీలో జైల్లో వేశారు. రక్తపాతం జరిగిన సందర్భాలు తక్కువ, వాటిలోనూ సిబ్బంది అందరూ కలిసిరావడం అరుదు.

1822 డిసెంబరులో నాన్‌టుకెట్ వదిలిన గ్లోబ్ ఓడ ఇందుకు నిదర్శనం. హవాయిలో కొందరు పారిపోతే వాళ్ళ స్థానంలో రేవులో దొరికినవాళ్ళను ఎక్కించుకున్నారు. 1824 జనవరి 25 రాత్రి తిమింగలాల మీద హార్పూన్ అనే ఈటె వేసే శామ్యూల్ కామ్‌స్టాక్ మరికొందరిని వెంటబెట్టుకొని, నిద్రపోతున్న కెప్టెన్ థామస్ వర్త్‌ను గొడ్డలితో నరికాడు, ఆ రాత్రే ముగ్గురు మేట్లూ హతమయ్యారు. అప్పుడు చుక్కాని దగ్గర ఉన్నది శామ్యూల్ తమ్ముడు జార్జి. కుర్రవాడైన అతనికి ముందుగా ఏమీ తెలియదు, చప్పుడు చేస్తే చంపుతానని అన్నే బెదిరించాడు. కెప్టెన్ ఒక నావికుణ్ణి కొట్టిన మాట నిజమే గానీ, కామ్‌స్టాక్ కోరిక న్యాయం కాదు, ఏదైనా ద్వీపంలో తానే రాజై కూర్చోవడం. రోజుల్లోనే తన జట్టులోని స్టీవార్డుకు (ఓడలో భోజన వ్యవహారాలు చూసేవాడు) ఉత్తుత్తి విచారణ జరిపి ఉరి తీయించాడు, మార్షల్ దీవుల్లోని మిలీ చేరాక అతణ్ణి తన తోటివారే కాల్చి చంపారు. జార్జితో సహా ఆరుగురు రాత్రికి రాత్రి ఓడను తప్పించి, సరైన సాధనాలు లేకుండానే చిలీలోని వల్పరైసో చేరుకున్నారు. దీవిలో మిగిలినవారిలో విలియం లే, సైరస్ హస్సీ అనే ఇద్దరు యువకులు తప్ప మిగతావారంతా స్థానికుల చేతుల్లో చనిపోయారు, ఆ ఇద్దరినీ 1825 చివర్లో అమెరికన్ నౌకాదళ ఓడ డాల్ఫిన్ కాపాడింది.

కెప్టెన్ క్రూరుడే అయిన ఓడలో కథ ఇంకోలా నడిచింది. షరాన్ ఓడ కెప్టెన్ హౌస్ నారిస్ తన స్టీవార్డును కొట్టికొట్టి చంపినవాడు, అయినా సిబ్బంది తిరగబడలేదు. 1842 నవంబరులో మిగతావారంతా పడవల్లో వేటకు వెళ్ళినప్పుడు, పసిఫిక్ దీవులకు చెందిన ముగ్గురు నావికులు అతణ్ణి చంపారు. ఓడలో మిగిలిన ఒక పోర్చుగీసు కుర్రాడు తెరచాప కొయ్య ఎక్కి పై తెరచాపల తాళ్ళు కోసేయడంతో ఓడ వేగంగా పారిపోలేకపోయింది. ఆ రాత్రి మూడో మేటు బెంజమిన్ క్లఫ్ ఒంటరిగా ఈదుకెళ్ళి, వెనుక కిటికీలోంచి దూరి ఓడను తిరిగి స్వాధీనం చేసుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ కుర్రాడి పనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

అపోహ: ఓడ చేతికి వస్తే తిరుగుబాటుదారులు నచ్చిన దేశానికి వెళ్ళి హాయిగా బతకవచ్చు.

వాస్తవం: తెరచాప ఎత్తడం వేరు, నడిసముద్రంలో తానెక్కడున్నాడో లెక్కగట్టడం వేరు. ఆ విద్య ఓడలో ఒకరిద్దరు అధికారులకే వచ్చేది. న్యూ బెడ్‌ఫర్డ్ ఓడ జూనియర్‌లో 1857 క్రిస్మస్ రాత్రి సైరస్ ప్లూమర్ బృందం కెప్టెన్ ఆర్కిబాల్డ్ మెలెన్‌ను చంపింది. గాయపడిన మొదటి మేటు నెల్సన్ ప్రొవోస్ట్ హోల్డులో పీపాల మధ్య రోజుల తరబడి దాక్కున్నాడు. కథల్లో కుర్రాడికి దక్కే ఈ ఘట్టం, నిజంలో రక్తం కారుతున్న అధికారికి దక్కింది. అతణ్ణి పట్టుకున్నాక కూడా చంపలేకపోయారు, ఎందుకంటే అతను తప్ప ఓడను తీరం చేర్చగలవారు లేరు. ఆస్ట్రేలియా ఆగ్నేయ కొన దగ్గర పడవల్లో దిగిపోయే ముందు, నేరం తమదేనని లాగ్‌బుక్‌లో, అంటే ఓడ దినచర్య పుస్తకంలో, రాసి సంతకాలు కూడా పెట్టారు. ప్రొవోస్ట్ నేరుగా సిడ్నీ వెళ్ళి ఫిర్యాదు చేశాడు. చాలామంది దొరికారు, వాళ్ళను అమెరికాకు తీసుకెళ్ళడానికి అదే జూనియర్ ఓడలో జైలు గదులు కట్టించారు. ప్లూమర్ మరణశిక్షను అమెరికా అధ్యక్షుడు బుకానన్ యావజ్జీవంగా మార్చాడు.

అపోహ: తిండి అయిపోతే చీట్లు వేసి ఒకరిని చంపి తినడం సముద్ర చట్టం ఒప్పుకున్న పద్ధతి.

వాస్తవం: అది నావికుల ఆచారమే గానీ చట్టం కాదు. 1820 నవంబరులో తిమింగలం ఢీకొని ఎసెక్స్ మునిగాక ఒక పడవలో నిజంగానే చీట్లు వేశారు, కెప్టెన్ బంధువైన ఓవెన్ కాఫిన్ అనే యువకుడి వంతు వచ్చింది, దాని మీద ఏ విచారణా జరగలేదు. కానీ 1884లో మిన్యొనెట్ అనే చిన్న నౌక మునిగినప్పుడు చీట్లు కూడా వేయకుండా, సముద్రపు నీళ్ళు తాగి జబ్బుపడిన పదిహేడేళ్ళ రిచర్డ్ పార్కర్‌ను చంపి తిన్న కెప్టెన్ డడ్లీ, మేటు స్టీఫెన్స్‌లకు ఇంగ్లండ్ కోర్టు మరణశిక్ష వేసింది, తర్వాత అది 6 నెలల జైలుగా తగ్గింది. మన లా కళాశాలల్లో పాత శిక్షాస్మృతి 81వ సెక్షన్, అంటే నేటి భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ చెప్పేటప్పుడు, ప్రాణం నిలుపుకోవడానికైనా నిరపరాధిని చంపడాన్ని అవసరం అనే సాకు కాపాడదని చూపేందుకు ఈ తీర్పునే చదివిస్తారు.