పానగల్ నీడ, సాగర్ నీళ్లు: ఏ మోడ్ పెట్టాలి?

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ ఒకటి కదలకుండా నిలిచి ఉంటుంది. జనం వచ్చేది దాన్ని చూడడానికే. పూర్తి ఆటో మోడ్‌లో తీసిన ఫొటోలో కనిపించనిదీ అదే. లోపలి చీకటి చూసి చాలా కెమెరాలు తమంతట తామే ఫ్లాష్ వెలిగిస్తాయి. ఇక నీడ ఎక్కడిది?

కెమెరాకు తెలిసింది వెలుగు కొలత ఒక్కటే. ఎదురుగా ఉన్నది నల్లరాయైనా, సున్నం వేసిన గోడైనా, మీద పడ్డ వెలుగులో దాదాపు 18 శాతాన్ని తిప్పిపంపే బూడిదరంగు వస్తువనే లెక్కగడుతుంది. అందుకే నల్లరాయి వెలిసినట్టు, తెల్లగోడ మాసినట్టు వస్తాయి. కెమెరా మీది మోడ్ చక్రాన్ని ‘పి’కి (ప్రోగ్రామ్ మోడ్) తిప్పితే ఫ్లాష్ మన చెప్పుచేతల్లోకి వస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న మీటతో వెలుగును కాస్త తగ్గిస్తే రాతి నలుపు నలుపుగానే ఉంటుంది. ‘పి’ని చిన్నచూపు చూసేవారు ఎక్కువ. గుళ్లో నేను ముందు నమ్మేది దాన్నే.

అదే చక్రం మీది ‘ఎ’లో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) మనది, షట్టర్ వేగం (వెలుగును ఎంతసేపు లోపలికి రానివ్వాలన్నది) కెమెరాది. ‘ఎస్’లో అటుదిటు. (కెనాన్ వీటినే ఏవీ, టీవీ అంటుంది.) ఎపర్చర్, షట్టర్ రెండింటి బలం ఒకటి కాదు. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. మామూలు లెన్స్‌లో ఎపర్చర్‌ను ఎఫ్/3.5 నుంచి ఎఫ్/22 దాకా మూస్తే వెలుగు సుమారు 40 రెట్లు తగ్గుతుంది. షట్టర్‌ను 30 సెకన్ల నుంచి 1/4000 సెకనుకు మారిస్తే 1,20,000 రెట్లు! కాబట్టి ‘ఎ’లో కెమెరా సర్దుకోలేని సందర్భం అరుదు. మర్రిచెట్టు ఊడల మధ్య మనిషిని నిలబెట్టి ఎఫ్/4 పెడితే వెనుక ఊడలు మసకబారతాయి, ఎఫ్/11 పెడితే అవీ స్పష్టంగా వస్తాయి. మిగతాది కెమెరా చూసుకుంటుంది. నీడలో షట్టర్ మరీ నెమ్మదించకుండా ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) పెంచుకోవాలి, అంతే.

‘ఎస్’ ఇబ్బంది నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు బయటపడుతుంది. 1/1000 సెకనుకు తుంపరలు గాలిలోనే ఆగిపోతాయి, ఎండలో చిక్కేమీ లేదు. నీళ్లు పాలధారలా రావాలని 1/4 సెకను పెడితేనే తంటా. ఐఎస్‌ఓ 100లో ఎఫ్/22 దాకా మూసినా, మధ్యాహ్నపు ఎండకు కావలసినదానికన్నా 12 రెట్ల వెలుగు లోపలికి వస్తుంది. నీళ్లూ ఆకాశమూ తెల్లకాగితమే. నా వల్ల కాదని తెరమీద ఎపర్చర్ అంకె మినుకుమంటూనే ఉంటుంది, చూసేవాళ్లు తక్కువ. వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగించాలి, లేదా పొద్దు వాలేదాకా ఆగాలి. ట్రైపాడ్ మాత్రం ఎటూ తప్పదు.