కొత్త దూడ ఇంటికొచ్చిన మొదటి పదిహేను రోజులు

పిల్లలూ,

కొనుక్కొచ్చిన దూడ మూడో రోజు నుంచే పారుకుంటోందని, మంచి దూడ అనుకుని మోసపోయామేమోనని మీలో కొందరు రాశారు. ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు. పది రోజుల పసిదాన్ని తల్లికి దూరం చేసి, బండెక్కించి, ఎన్నడూ చూడని చోట దించాం. దారిలో సరిగ్గా పాలు లేవు, నిద్ర లేదు. దిగిన చోట దానికి అలవాటు లేని క్రిములు. జబ్బు రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

దూడ సంగతి మనలా ఉండదు. మనిషి బిడ్డకు రోగాలను ఎదుర్కొనే శక్తి కొంత తల్లి కడుపులోనే అందుతుంది. దూడకు అలా అందదు, కడుపులో దూడను ఆవుకు కలిపి ఉంచే మాయ దాన్ని దాటనివ్వదు. దాని రక్షణంతా ఈనగానే వచ్చే ముర్రుపాలలో ఉంటుంది. పుట్టిన మొదటి ఆరు గంటల్లో దూడ పేగు ఆ రక్షణను బాగా పీల్చుకుంటుంది. 24 గంటలు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది, తర్వాత ఎంత తాగించినా రక్తంలోకి చేరదు. అందుకే దూడను కొనేటప్పుడు రంగూ రూపం చూసే ముందు "ముర్రుపాలు ఎప్పుడు తాగింది, ఎన్ని తాగింది?" అని అడగమని మీ పెద్దవాళ్లకు చెప్పండి. బాగా తాగిన దూడకు కూడా ఆ రక్షణ రెండు మూడు వారాలకు తగ్గుతూ వస్తుంది. సొంత శక్తి ఇంకా పూర్తిగా రాదు. చాలా దూడలు చేతులు మారేది సరిగ్గా ఆ వయసులోనే.

నా మొదటి దూడ సంగతి మీకు చెప్పాలి. అదీ ఇలాగే పారుకుంది. "పాలు ఆపెయ్, కడుపుకు విశ్రాంతి ఇవ్వు" అన్నారు చుట్టుపక్కల అందరూ. రెండు రోజులు ఆపేశాను. పారుడు తగ్గింది, నేను సంతోషపడ్డాను. మూడో రోజు పొద్దున అది లేవలేదు. పారుడు తగ్గింది లోపల ఏమీ మిగలక అని నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. దానికి ఇంకా పేరు కూడా పెట్టలేదు.

పారుడులో దూడను చంపేది చాలాసార్లు క్రిమి కాదు, ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పులూ. వాటికి తోడు ఆకలి. కాబట్టి పాలు ఆపకండి. మామూలుగా ఇచ్చే పాలు ఇస్తూనే, వాటి మధ్యలో దూడల కోసం తయారైన ఎలక్ట్రోలైట్ పొడిని, అంటే పోయిన ఉప్పులను తిరిగి ఇచ్చే పొడిని, గోరువెచ్చని నీళ్లలో కలిపి ఇవ్వాలి. పూటకు రెండు లీటర్ల చొప్పున, రోజుకు రెండు మూడుసార్లు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే పోయాలి. పాలలో కలిపేయకండి, పాలకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. కొన్ని రకాల పొడులు కడుపులో పాలు గడ్డకట్టకుండా అడ్డుపడతాయి.

నీరు ఎంత పోయిందో మీరే చూడొచ్చు. మెడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే ఫరవాలేదు. ముడత రెండు సెకన్లకు మించి అలాగే నిలిచినా, కళ్లు గుంటలు పడినా పశువుల డాక్టర్‌ని పిలవమని ఇంట్లో చెప్పండి. తర్వాత శుభ్రమైన వేలు దూడ నోట్లో పెట్టండి. గట్టిగా చీకితే ఆశ ఉంది. చీకకపోతే, నోరు చల్లగా ఉంటే, లేవలేకపోతే ఇంటి వైద్యం పనికిరాదు, సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు. అలాంటి దూడకు సీసాతో బలవంతంగా పోయొద్దు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జాలితో చేసిన ఆ పనే దాని ప్రాణం తీస్తుంది.

పారుడు కనిపించగానే యాంటీబయాటిక్ అడగొద్దు. ఒకటి రెండు వారాల దూడల్లో చాలా పారుళ్లు వైరస్‌ల వల్లా, క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి వల్లా వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పేడలో రక్తం పడినా, జ్వరం ఉన్నా ఏ మందు వేయాలో డాక్టరే చెప్పాలి.

ఒక థర్మామీటర్ దూడ కోసమే పెట్టుకోండి. పెద్దవాళ్ల సాయంతో రోజూ పొద్దున ఆసనంలో పెట్టి చూసి రాసుకోండి. 101.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలుంటే మామూలే. 103 దాటితే జ్వరం. 100 కంటే తగ్గితే అది జ్వరం కంటే ప్రమాదం, దూడ చల్లబడిపోతోందన్నమాట. దగ్గు, ముక్కు కారడం, ఒక చెవి వాలిపోవడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. బొడ్డునూ మోకాళ్లనూ తడిమి వాపుందేమో చూడండి. వీటన్నిటికంటే ముందు కనిపించే గుర్తు మాత్రం ఒకటే: నిన్న గటగటా తాగిన దూడ ఇవాళ పాలు మిగల్చడం. అది చూసిన రోజే మేలుకుంటే చాలా దూడలు బతుకుతాయి.

కొత్త దూడను రెండు మూడు వారాలు పాత దూడలకు దూరంగా, పొడిగా, గాలి ఆడేచోట ఉంచండి. పడుకుంటే కాళ్లు కనబడనంత మందంగా ఎండుగడ్డి వేయండి. దానికి వేరే బకెట్, వేరే సీసా. బాగున్న వాటికి ముందు పాలు పట్టి, జబ్బు దూడ దగ్గరికి చివర వెళ్లండి.

ఈ మాట మీ గురించి. క్రిప్టోస్పోరిడియం, సాల్మొనెల్లా అనే మరో క్రిమి మనుషులకూ అంటుకుంటాయి. దూడను ముద్దు పెట్టుకోవద్దు, తాకిన చేతులు నోటి దగ్గరికి తేవద్దు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో అయిదేళ్లలోపు తమ్ముడో చెల్లో ఉంటే, పారుకుంటున్న దూడ దగ్గరికి అసలు రానివ్వకండి.

రేపు పొద్దున కొలత చూశాక నాకు రాయండి. ఎంత తాగిందో, ఎంత మిగిల్చిందో కూడా. దానికి ఏం పేరు పెట్టారో మర్చిపోకుండా రాయండి.

మీ
అమ్మమ్మ