డౌన్‌లోడ్ అయింది, మరి పైథాన్ ఏదీ?

శ్రీకాకుళం

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

"తాతయ్యా, పైథాన్ డౌన్‌లోడ్ అయిపోయింది గానీ ఏటీ రావట్లేదు, పేరు కొడితే ఏదో స్టోర్ తెరుచుకుంటోంది" అన్నారు కదా మొన్న. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తారు, అందుకే రాస్తున్నాను.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉన్నది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాదర్రా, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్. మీరు చెప్పిన 3.12 వెర్షన్ అయితే పాతిక ఎంబీ దాకా ఉంటుంది. పైథాన్ డాట్ ఆర్గ్ నుంచే దింపారా? నా బెంగంతా దాని గురించే. వేరేచోట్ల పచ్చపచ్చటి డౌన్‌లోడ్ బటన్లు ఊరిస్తుంటాయి, వాటి జోలికి పోకండి. పైథాన్ ఉచితం. డబ్బు అడిగారంటే దొంగ సరుకే.

ఫైల్ పేరులో ఏఎండీ64 అని చూసి, మనది ఇంటెల్ కదా అని చిన్నాకి టెన్షన్ పట్టుకుందట. ఆ 64 బిట్ పద్ధతిని మొదట తెచ్చింది ఏఎండీ కంపెనీ కాబట్టి ఆ పేరు ఉండిపోయింది. ఇంటెల్‌కీ అదే ఫైల్. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్లలో మాత్రం పైథాన్ 3.9 నుంచి ఏ వెర్షనూ ఎక్కదు.

ఇన్‌స్టాలర్ మీద రెండుసార్లు క్లిక్ చేయగానే 'ఇన్‌స్టాల్ నౌ' అని పెద్దగా కనిపిస్తుంది. మీ చెయ్యి నేరుగా దానిమీదికే పోతుంది, నాకు తెలుసు. ఆగండి. అడుగున రెండు చిన్న గడులుంటాయి. రెండోదాని పక్కన 'యాడ్ పైథాన్ డాట్ ఈఎక్స్‌ఈ టు పాత్' అని ఉంటుంది. దానికి టిక్ ఉండదు. మీరే పెట్టి, ఆ తర్వాత నొక్కండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల విండోలో, పైథాన్ అని కొడితే విండోస్ డిస్కంతా గాలించదు. అప్పుడున్న ఫోల్డర్లోనూ, పాత్ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లలోనూ మాత్రమే చూస్తుంది. పైథాన్ వెళ్లి కూర్చునేదేమో యాప్‌డేటా అనే ఫోల్డర్లో, అది మామూలుగా కంటికే కనబడదు. ఏడురోడ్ల జంక్షన్లో ఆటో ఎక్కి, వీధి పేరు చెప్పకుండా ఇంటికి పోనిమ్మంటే అతను మాత్రం ఏం చేస్తాడు? జాబితాలో దొరక్కపోతే విండోస్ 10, 11లు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుస్తాయి. మీకు జరిగిందదే.

ఈపాటికే టిక్ లేకుండా నొక్కేశారా? తీసేసి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. అదే ఇన్‌స్టాలర్ నడిపి 'మోడిఫై'లోకి వెళితే, రెండో పేజీలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్న గడి ఉంటుంది, అక్కడ పెట్టండి. తర్వాత తెరిచి ఉన్న నల్ల విండో మూసేసి కొత్తది తెరవండి. అది జాబితాను తెరిచినప్పుడే చదువుకుంటుంది, మధ్యలో మారిస్తే దానికి తెలీదు. ఇప్పుడు పైథాన్ అని కొడితే వెర్షన్ నంబరూ, మూడు బాణం గుర్తులూ వస్తాయి.

పిప్ అనే పనిముట్టు కూడా దాంతోపాటే వస్తుంది. దానితో ప్యాకేజీలు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ మూటలు, దింపుకోవచ్చు గానీ, అసలు పేరుకి ఒక్క అక్షరం తేడాతో దొంగ ప్యాకేజీలు పెట్టేవాళ్లున్నారు. కాబట్టి చిన్నా టైప్ చేసినా, బుజ్జి స్పెల్లింగ్ చూశాకే ఎంటర్ కొట్టాలి. అమ్మ ఆఫీసు ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఇట్లు,
తాతయ్య