ఎన్ని బుల్లెట్లు తీశారంకుల్? ఒక ఫౌజీ మెడిక్ చెప్పే అపోహలు - వాస్తవాలు

సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి, రిటైరయ్యాక యాప్రాల్‌లో స్థిరపడ్డాను. ఈ చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా మాజీ సైనికులే, ఫౌజీ అంటే ఎవరికీ వింత కాదు. కానీ ఆర్మీ మెడికల్ కోర్ అనగానే పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా అడిగేది ఒకటే: ఎన్ని బుల్లెట్లు తీశారు? కత్తిని మంట మీద కాల్చి బుల్లెట్ పీకే సినిమా సీన్ల పుణ్యం ఇది.

అపోహ: సైన్యంలో మెడికల్ వాళ్ళకు పనంతా గాయాలతోనే.

కాదు, పాదాలతో. రూట్ మార్చ్ అయ్యాక ఒక్కొక్కడి సాక్సు విప్పించి వేళ్ళ సందులు చూడటం మా డ్యూటీ. దాంతోపాటు తాగే నీళ్ళలో క్లోరిన్ సరిపోయిందా, వంటవాళ్ళు గోళ్ళు తీసుకున్నారా, లెట్రిన్ వంటశాలకు మరీ దగ్గరగా తవ్వారా, సాయంత్రమయ్యాక చొక్కా చేతులు కిందికి దించారా, దోమతెర కట్టారా అని చూసుకోవాలి. ఇవన్నీ చాదస్తంలా కనిపిస్తాయి. కానీ వెనకటి యుద్ధాల్లో చాలావాటిలో శత్రువు కంటే విరేచనాలు, మలేరియా, టైఫస్‌లే ఎక్కువమంది సైనికులను చంపాయి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని మొదట చూసింది కూడా సైనిక డాక్టరే. ఇండియన్ మెడికల్ సర్వీస్‌కి చెందిన రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. ఆ పనికే 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. రోజూ దాని ముందునుంచే ఆఫీసుకు వెళ్తూ అదేమిటో తెలియనివాళ్ళే ఎక్కువ.

ఇక సిక్ రిపోర్ట్ (ఒంట్లో బాగోలేదని వచ్చి చూపించుకోవడం) సంగతి. పొద్దున్నే ఎంఐ రూమ్ (యూనిట్‌లో రోగులను చూసే గది) ముందు నిలబడే లైను, పరుగు పరీక్షకు ముందురోజు అమాంతం పెరిగిపోతుంది. ఒకసారి మన తెలుగు కుర్రాడే వచ్చాడు. "అన్నా, బూటేస్తే ప్రాణం పోతోంది, సాబ్‌కి నువ్వే చెప్పు." మడమ మీద బొబ్బ నిజంగానే ఉంది. డాక్టర్ సాబ్ మూడు రోజులు 'ఎక్స్‌క్యూజ్ బూట్', అంటే బూటు వేసుకోనక్కర్లేదని చిట్టీ రాసిచ్చారు. వాడు దర్జాగా చెప్పులతో పరేడ్‌కి వెళ్ళాడు. అదే సాయంత్రం స్పోర్ట్స్ షూ వేసుకుని వాలీబాల్ కోర్టులో ఎగిరి స్మాష్ కొడుతూ డాక్టర్ సాబ్ కంటపడ్డాడు. అడిగితే ఏమాత్రం తడుముకోకుండా, "చిట్టీలో బూటనే ఉంది సార్, షూ అని లేదు" అన్నాడు. ఆ తర్వాత మా సాబ్ చిట్టీలు సేల్‌డీడ్ అంత పొడుగ్గా రాసేవారు.

(బొబ్బ చిన్నదైతే చిదపకండి. ఆ పైచర్మమే దానికి మంచి కట్టు.)

అపోహ: బుల్లెట్ ఒంట్లో ఉంటే మనిషి బతకడు, వెంటనే తీసేయాలి.

చంపేది రక్తస్రావం. ఆగిన చోట హాని చేయకపోతే సర్జన్లు బుల్లెట్‌ను అలాగే వదిలేయడం మామూలే. రోడ్డు మీదా ఇదే సూత్రం. యాక్సిడెంట్‌లో ఇనుపచువ్వో, గాజుముక్కో లోతుగా దిగితే పీకకండి. అది కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి కట్టండి.

అపోహ: టోర్నికెట్ (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే కట్టు) కడితే చెయ్యో కాలో తీసేయాల్సిందే.

దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ భయం వల్ల ప్రాణాలు పోతున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద బైక్ పడి తొడ చీలిపోయినవాడి చుట్టూ పదిమంది చేరతారు. ఒకరు నీళ్ళు తాగిస్తారు, ఒకరు వీడియో తీస్తారు. గాయం మీద చెయ్యి పెట్టి నొక్కేవాడు కనిపించడు. పెద్ద రక్తనాళం తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. అంబులెన్స్ ఎంత త్వరగా వచ్చినా అంతలోపు చేరడం కష్టం.

మొదట శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి, మీ బరువంతా వేసి నొక్కండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి ఎత్తి చూడకండి. అయినా చెయ్యి లేదా కాలి నుంచి రక్తం చిమ్ముతుంటే అప్పుడు టోర్నికెట్. గాయానికి రెండు మూడు అంగుళాలు పైన కట్టాలి, మోకాలు, మోచేతి కీళ్ళ మీద కాదు. అసలైనది లేకపోతే వెడల్పాటి చున్నీ, దాన్ని మెలిపెట్టడానికి గట్టి పుల్ల. వైరు, సన్నని తాడు వద్దు, కండను కోసేస్తాయి. రక్తం ఆగేదాకా బిగించాలి. బాధితుడు నొప్పితో అరుస్తాడు, మిమ్మల్ని తిడతాడు కూడా. తిట్టనివ్వండి, తిట్టేవాడికి ఊపిరి ఉన్నట్టే. కట్టిన టైము అతని నుదుటి మీదో చేతి మీదో పెన్నుతో రాయండి. ఇక ఆసుపత్రిలో డాక్టరే వదులు చేయాలి, మధ్యలో మీరు వదలకండి. రెండు గంటల లోపు అయితే అవయవం పోయే ముప్పు చాలా తక్కువ. హైదరాబాద్ ట్రాఫిక్‌ని ఎంత తిట్టుకున్నా ఆలోపు ఏదో ఒక ఆసుపత్రికి చేరతాం.

అపోహ: పాము కరిస్తే పైన గట్టిగా తాడు కట్టాలి.

విచిత్రం చూడండి. రక్తం కారుతుంటే కట్టడానికి భయపడే మనిషే, పాము కరిస్తే చేతికందిన తాడల్లా బిగించేస్తాడు. అక్కడ కట్టకూడదు. పింజర జాతి విషం కండను కుళ్ళబెడుతుంది, కట్టు దాన్ని ఒకేచోట నిలిపి ఉంచుతుంది. రక్తప్రసరణ ఆగి జరిగే నష్టం దానికి అదనం. కోయడం, నోటితో పీల్చడం కూడా వద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా యాంటీవెనం (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి చేర్చండి. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి, వాపు కూడా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే అనుమానించాలి.

పామును చంపి తీసుకురానక్కర్లేదు. మనదేశంలో ఇచ్చే యాంటీవెనం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒక్కటే. ఇది తెలియక మా యూనిట్‌లో ఒకాయన, గడ్డి కోస్తుండగా స్నేహితుడిని కరిచిన పామును బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని ఎంఐ రూమ్‌కి తెచ్చాడు. మూత తీసి చూపించబోయాడు, అది బతికే ఉంది! నడుం నొప్పి, మోకాలి నొప్పి అని బెంచీ మీద మూలుగుతున్నవాళ్ళంతా ఒక్క ఉదుటున కిటికీలోంచి దూకేశారు. ఆ రోజు సిక్ రిపోర్ట్‌లో మిగిలింది కాటు తిన్నవాడొక్కడే. తీరా చూస్తే అది జెర్రిపోతు, విషం లేనిది.

అపోహ: చలికి రమ్ము మంచి మందు. మిలిటరీ వాళ్ళు తాగేది అందుకేగా!

రమ్ము చర్మం కింద రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. పైకి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. క్యాంటీన్ కార్డు గురించి నన్ను ఇంకేం అడగొద్దు.

అపోహ: జిమ్ బాడీ ఉంటే లద్దాఖ్‌లో ఏమీ కాదు.

శంషాబాద్‌లో పొద్దున్నే విమానమెక్కి, ఢిల్లీలో మారి, ఆ రోజే లేహ్‌లో దిగి, మర్నాడు ఖర్దుంగ్ లా కనుమ ఎక్కుతామనే కుర్రాళ్ళకు ఇది. లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తు. ఫిట్‌నెస్‌కీ, ఎత్తుకు అలవాటు పడటానికీ సంబంధం లేదు. పైగా బాగా పరిగెత్తేవాడే ముందు పడతాడు, తలనొప్పి వచ్చినా ఆగడు కాబట్టి. సైన్యంలో ఎంతటి కమాండోకైనా 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 15,000 దాకా మరో నాలుగు, ఆ పైన ఇంకో నాలుగు రోజుల అలవాటు తప్పదు. అందులో మొదటి రెండు రోజులూ పూర్తి విశ్రాంతి. కూర్చున్నా ఆయాసం, పొడిదగ్గు, పడుకుంటే ఊపిరాడకపోవడం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి దించాలి. "రేపు చూద్దాంలే బావా" అనుకుంటే రేపు ఉండకపోవచ్చు.

అపోహ: కారు మీద రెడ్ క్రాస్ గుర్తు డాక్టర్ల హక్కు.

తెల్లటి నేపథ్యం మీద ఎర్ర శిలువ, యుద్ధంలో "ఇక్కడ కాల్చొద్దు" అని చెప్పే గుర్తు. మన దేశంలో 1960 నాటి జెనీవా కన్వెన్షన్ల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని వాడకూడదు. డాక్టర్లకూ మినహాయింపు లేదు. మా బావమరిది కారు మీదా ఉండేది. ఆయన డాక్టరు కాదు, మెడికల్ షాపు ఓనరు. చట్టం సంగతి చెబితే పాపం వెంటనే ఊడబీకేశాడు. ఇప్పుడు ఆ ఖాళీలో అంటించుకోవడానికి 'ఆర్మీ' స్టిక్కర్ ఒకటి ఇప్పించమని నా వెంట పడుతున్నాడు.