ఒక్క వేరియబుల్ క్లాసు మీద మళ్లీ రేగిన గొడవ

మూడేళ్ల కిందట సర్దుకుపోయిందనుకున్న వాదన గత వారం విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద ఓ చిన్న టీమ్‌లో మళ్లీ లేచింది. రేవుకు వచ్చే సరుకు పత్రాలను నియమాలతో సరిచూసే జావా ప్రోగ్రామ్ వాళ్లది. దాని కడుపులో ప్రోలాగ్ (నియమాలు చెబితే జవాబు తానే వెతికే భాష) తరహా ఇంజన్ ఒకటి ఉంది. ఒక కంటైనర్ రిపోర్టులో పక్క కంటైనర్ కోడ్ అచ్చయి వచ్చేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. టర్మ్ (ప్రోలాగ్‌లో ప్రతి డేటా ముక్కా ఒక టర్మే) క్లాసులన్నీ తీసేసి, ఒకసారి తయారైతే మారని రికార్డులుగా తిరగరాద్దామని ఒక పక్షం అంటోంది. ఉన్నది ఉంచి తప్పు ఎక్కడుందో చూద్దామని రెండో పక్షం. మంగళవారం మీటింగ్. కొత్తగా చేరినవాళ్లకు అసలు గొడవేమిటో అర్థం కావడానికే ఈ నోట్.

1965లో రాబిన్సన్ యూనిఫికేషన్ (రెండు టర్మ్‌లను సరిపోల్చి ఒకటి చేసే పద్ధతి), 1972లో మార్సెయ్‌లో కోల్మెరావర్ బృందం ప్రోలాగ్ తయారుచెయ్యడం కాలేజీలో చదివినవే కాబట్టి వదిలేద్దాం. మనకు కావలసింది 1983. డేవిడ్ వారెన్ ప్రోలాగ్‌ను నడపడానికి తన అబ్‌స్ట్రాక్ట్ మెషిన్‌ను (కాగితం మీది నమూనా యంత్రాన్ని) ప్రకటించిన ఏడాది అది. డెక్-10 కంప్యూటర్ కోసం ఆయన రాసిన 1977 నాటి ప్రోలాగ్ కంపైలర్‌లో టర్మ్ అంటే ఒక మూస, దాని పక్కన వేరియబుల్స్ విలువలు ఉండే వేరే పట్టిక. మూస మారదు, పట్టికే మారుతుంది. 1983కి వచ్చేసరికి ఆయనే ఆ పద్ధతి వదిలి, టర్మ్‌ను నేరుగా మెమరీలో కాపీ చేసి కట్టే దారి పట్టాడు. రికార్డుల పక్షం ఇప్పుడు అడుగుతున్నది, అచ్చంగా అదే కాకపోయినా, ఆ పాత దారికి దగ్గరిదే. ఈ సంగతి మీటింగుల్లో ఎవరూ ఎత్తరు.

వారెన్ మెషిన్‌లో విలువ లేని వేరియబుల్ తనవైపే తాను వేలు చూపించుకునే ఒక మెమరీ గడి. విలువ దొరికితే ఆ వేలు అటు తిరుగుతుంది. చివరి చాయిస్ పాయింట్ (కుదరకపోతే ఇంకో దారి పట్టడానికి గుర్తుపెట్టుకున్న చోటు) కన్నా ముందు పుట్టిన వేరియబుల్‌కు విలువ కడితే దాని చిరునామా ట్రెయిల్ అనే చిట్టాలో రాసుకుంటారు. దారి మూసుకుపోయి వెనక్కి వచ్చినప్పుడు ట్రెయిల్ చూసి ఒక్కొక్కటీ విప్పేస్తారు. టీమ్‌లో ఏయూలో చదివిన పెద్దాయన ఒకరు దీన్ని ఎంవీపీ కాలనీ భాషలో చెప్తారు: "వేరియబుల్ అంటే టు-లెట్ బోర్డున్న ఇల్లు బాబూ. మనిషి దిగాడని ఇల్లు మారిపోదు. ఖాళీ చేస్తే బోర్డు మళ్లీ కట్టాలి, అంతే."

ఈ గడిని జావా ఆబ్జెక్ట్‌గా మార్చడంలోనే చిక్కంతా ఉంది. టర్మ్ అనే అబ్‌స్ట్రాక్ట్ క్లాసు, కింద అణువు (విడి పేరు), సంఖ్య, సంయుక్తం (పేరు, దాని ఆర్గుమెంట్లు), వేరియబుల్ అని పిల్ల క్లాసులు పెట్టడం ఎవరికైనా తట్టేదే. బొలోన్యా విశ్వవిద్యాలయం వాళ్లు జావాలో రాసిన టూప్రోలాగ్‌లో ఆర్గుమెంట్లు లేని స్ట్రక్టే (సంయుక్తమే) అణువు. స్వీ-ప్రోలాగ్ అనే ప్రోలాగ్ సిస్టమ్‌తో వచ్చే, జావాను దానికి కలిపే జేపీఎల్ లైబ్రరీలో అణువుకు విడిగా క్లాసుంది. ఏది మేలని గంటలు గంటలు కొట్టుకుంటారు గానీ, దానివల్ల ఏ కంటైనరూ ఆగదు. (ప్రోలాగ్‌లో వేరియబుల్ పేరు క్యాపిటల్ అక్షరంతో గానీ అండర్‌స్కోర్‌తో గానీ మొదలవ్వాలి. తెలుగులో క్యాపిటల్ అక్షరాలు లేవు కాబట్టి స్వీ-ప్రోలాగ్‌లో తెలుగు పేరున్న వేరియబుల్ ముందు అండర్‌స్కోర్ పెట్టి తీరాలి. ఆ ఒక్క గీత మర్చిపోయి నేనొక పూట పోగొట్టుకున్నాను.)

అసలు మలుపు ఈక్వల్స్ (రెండు ఆబ్జెక్టులు సమానమా అని చెప్పేది), హ్యాష్‌కోడ్ (హ్యాష్‌మ్యాప్‌లో ఏ బకెట్‌లో దాచాలో తేల్చే సంఖ్య ఇచ్చేది) రాసిన రోజు. వేరియబుల్‌కు విలువ ఉంటే ఆ విలువ హ్యాష్‌కోడే ఇవ్వమని ఎవరో హడావుడిలో మూడు లైన్లు రాశారు. చదివితే న్యాయంగానే ఉంటుంది. కానీ విలువ లేనప్పుడు హ్యాష్‌మ్యాప్‌లో పెట్టిన కీని, విలువ కట్టాక జావా వేరే బకెట్‌లో వెతుకుతుంది. వస్తువు లోపలే ఉంటుంది, అడిగితే లేదంటుంది.

దానిమీద క్యాష్ (వచ్చిన జవాబుల్ని మళ్లీ వాడుకోడానికి దాచే చోటు) వచ్చి పడింది. సరుకు(_కోడ్, 20) అని ఒక జవాబు వచ్చింది, _కోడ్ ఇంకా ఖాళీ. దాన్ని కాపీ చెయ్యకుండా ప్రాణంతో ఉన్న ఆబ్జెక్టునే క్యాష్‌లో పెట్టారు. తర్వాతి కంటైనర్ అదే జవాబు తీసుకుని _కోడ్‌కు తన విలువ కట్టింది. మొదటి కంటైనర్ రిపోర్ట్ చేతిలో ఉన్నదీ ఆ ఆబ్జెక్టే కదా, అందులోనూ అదే అచ్చయింది. ప్రోలాగ్‌లో ఫైండాల్ (జవాబులన్నీ పోగేసేది) గానీ అసర్ట్ (కొత్త నియమాన్ని చేర్చేది) గానీ టర్మ్‌ను కొత్త వేరియబుల్స్‌తో కాపీ చేసే దాచుకుంటాయి. ఎందుకో ఇక్కడ తెలిసింది.

రికార్డుల పక్షం వాదన కొట్టిపారేసేది కాదు. జావా 16లో రికార్డులు, 17లో సీల్డ్ క్లాసులు, 21లో స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ వచ్చాక కోడ్ చూడముచ్చటగా వస్తుంది. విలువలు వేరే మ్యాప్‌లో ఉంటాయి, వెనక్కి రావాలంటే పాత మ్యాప్ తీసుకుంటే సరి, ట్రెయిల్ అక్కర్లేదు. కానీ రికార్డులు లోపలి విలువల్ని బట్టి సమానమవుతాయి. ఒక నియమంలో _కోడ్, ఇంకో నియమంలో _కోడ్ ఒకే వేరియబుల్ అయిపోతాయి. అలా కాకుండా ప్రతిసారీ కొత్త నంబర్ తగిలించాలి. అది మర్చిపోతే పక్క కంటైనర్ కోడ్ ఈసారి పెరటి గుమ్మంలోంచి వస్తుంది.

బరువు మాట కూడా ఉంది. వారెన్ పద్ధతిలో 64 బిట్ల యంత్రం మీద జాబితాలో ఒక లింకుకు 2 గడులు, 16 బైట్లు. మామూలు జావా సెట్టింగ్‌లో పేరు, ఆర్గుమెంట్ల అరే ఉన్న సంయుక్తం ఆబ్జెక్టు 24, అరే ఇంకో 24, మొత్తం 48. ఈ భారం రెండు పక్షాలకూ సమానమే. అందుకేనేమో దీని గురించి ఎవరూ మాట్లాడరు.

శుక్రవారం రాత్రి టీమ్‌లో ఒకమ్మాయి క్యాష్‌లో పెట్టే చోటా, తీసే చోటా టర్మ్‌ను కాపీ చేసే లైన్ చేర్చి పాత పత్రాలన్నీ మళ్లీ నడిపింది. ఏ కోడ్ ఆ కంటైనర్‌లోనే వచ్చింది. హ్యాష్‌కోడ్‌లో ఆ మూడు లైన్లు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.