ఎలుక వంశం మారేచోట ఆగిపోయే వైరస్

నైజీరియా ఈశాన్యంలోని లాసా అనే ఊరి పేరు 1969లో ఒక ప్రాణాంతక జ్వరానికి పేరైంది. ఆ జ్వరాన్ని తెచ్చే లాసా వైరస్‌ను ప్రధానంగా మోసేది మాస్టోమిస్ నటాలెన్సిస్ అనే ఎలుక. సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో చాలాచోట్ల ఇళ్లలోనూ పొలాల్లోనూ అది కనిపిస్తుంది. లాసా జ్వరం మాత్రం పశ్చిమ ఆఫ్రికాకే పరిమితం. తక్కిన చోట్ల ఎలుక ఉన్నా జబ్బు ఎందుకు లేదు?

జవాబు చాలావరకు ఎలుక జన్యువుల్లో దొరుకుతుంది. చూడ్డానికి ఒకే జాతి అయినా, తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏను బట్టి అందులో ఆరు వంశాలున్నాయి. లాసా వైరస్ ముఖ్యంగా పశ్చిమ వంశంలో కనిపిస్తుంది. టాంజానియాలో రెండు వంశాలు కలిసే చోట ఎలుకలు జతకట్టి సంకర సంతానాన్ని కంటాయి. అయినా ఒక వంశంలో గైరో వైరస్, రెండోదాంట్లో మొరోగోరో వైరస్ ఉంటాయి. ఇవి రెండూ లాసాకు దగ్గరి బంధువులే. వంశాలు మారేచోటే వైరస్‌లూ మారుతున్నాయని 2017లో వచ్చిన పరిశోధన చూపించింది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా విలువైన ఆధారం తక్కువ.

అలాగని ఆ హద్దు చెక్కుచెదరనిదేమీ కాదు. మాస్టోమిస్ ఎరిత్రోలూకస్, హైలోమిస్కస్ పామ్ఫి అనే వేరే జాతుల్లోనూ లాసా వైరస్ ఉన్నట్టు 2016లో తేలింది.

ఇలాంటి పరిశోధనలో పొరపాట్లు ఎలుకను పట్టే దగ్గరే మొదలవుతాయి. మడతపెట్టే అల్యూమినియం బోనుల్లో వేరుశెనగ ముద్దతో ఎర వేసి సాయంత్రం అమరుస్తారు, తెల్లవారగానే చూస్తారు. ఆలస్యమైతే ఎండకు రేకు వేడెక్కి ఎలుక చచ్చిపోతుంది, కణజాలంలోని ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యుపదార్థం, చెడిపోతుంది. మాస్టోమిస్ జాతుల్ని కంటితో వేరుచేయడం నమ్మదగింది కాదు. అందుకే చెవి ముక్కనో కాలేయం ముక్కనో ఇథనాల్‌లో వేసి, 1,140 అక్షరాల (డీఎన్‌ఏలో వరుసగా ఉండే రసాయన యూనిట్ల) సైటోక్రోమ్ బి జన్యువును చదివి జాతిని, వంశాన్ని తేల్చాలి. ఈ పని వదిలేస్తే దొరికిన వైరస్ ఏ ఎలుకదో చెప్పలేం. రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తే ఎలుకకు ఎప్పుడో వైరస్ సోకిందని అర్థం. ఇప్పుడు ఉందో లేదో చెప్పాలంటే ఆర్‌ఎన్‌ఏ దొరకాలి.

అసలు చిక్కు ఆ ఆర్‌ఎన్‌ఏ దగ్గరే ఉంది. లాసా జన్యుపదార్థం రెండు ముక్కలు: దాదాపు 3,400 అక్షరాల ఎస్, 7,300 అక్షరాల ఎల్. రెండు ప్రాంతాల వైరస్‌లను పోలిస్తే ఎస్‌లో 25 శాతం దాకా, ఎల్‌లో 32 శాతం దాకా అక్షరాలు తేడా పడవచ్చు. జన్యుపదార్థానికి నకళ్లు తీసి వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్షలో వాడే ప్రైమర్, వైరస్ వరుసకు అతుక్కుని నకలు మొదలుపెట్టే దాదాపు ఇరవై అక్షరాల పొట్టి ముక్క. నకలు మొదలయ్యే దాని 3' కొసన ఒకటి రెండు అక్షరాలు కలవకపోయినా వైరస్ ఉండి కూడా ఫలితం నెగటివ్ రావచ్చు. అందుకే కొత్త ప్రాంతానికి వెళ్లినప్పుడు ఎస్ మీదా ఎల్ మీదా విడివిడి పరీక్షలు చేయడం, స్థానిక వైరస్‌ల వరుసలు చూసి ప్రైమర్లను సరిదిద్దడం తప్పనిసరి.

2018లో నైజీరియాలో కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు, మనిషి నుంచి మనిషికి పాకే కొత్త రకం పుట్టిందేమోనన్న భయం వ్యాపించింది. రోగుల నమూనాలను ప్రైమర్ల మీద ఆధారపడకుండా నానోపోర్ యంత్రంతో నేరుగా చదివారు. మొదట 36, తర్వాత మొత్తం 120 నమూనాలు. కొత్త రకమే వ్యాపించి ఉంటే అన్నీ దాదాపు ఒకేలా ఉండాలి. అలా లేవు. పాత సంవత్సరాల వైరస్‌లతో కలగలిసి, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. అంటే చాలామందికి జబ్బు విడివిడిగా ఎలుకల నుంచే వచ్చింది. నియంత్రణ చర్యల్లో ధాన్యాన్ని మూతగట్టి దాచడం, ఇంట్లోకి ఎలుకలు రాకుండా చూడడం మొదటి వరుసలో ఎందుకుండాలో ఆ వారాల్లోనే తేలిపోయింది.