ఫుడ్ బ్యాంకు ముందు క్యూ ఎందుకు తరగలేదు?

1960ల్లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే రిటైరైన వ్యాపారి, పేదలకు ఉచితంగా భోజనం పెట్టే ఒక వంటశాలలో సాయం చేస్తుండేవాడు. అక్కడ పరిచయమైన ఒకావిడ సూపర్ మార్కెట్ వెనక చెత్తడబ్బాల్లో పారేసిన తిండి ఏరుకొచ్చి పిల్లల్ని సాకుతోందని తెలిసింది. డబ్బు దాచుకోవడానికి బ్యాంకు ఉన్నట్టే, పారేసే తిండిని దాచి అవసరమైనవాళ్లకు ఇచ్చే చోటు కూడా ఉండాలని ఆమె అన్నదట. 1967లో సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ అలా పుట్టింది. చర్చి ఇచ్చింది ఒక పాత భవనం, 3,000 డాలర్లు. మొదటి ఏడాదే దాదాపు 125 టన్నుల ఆహారం పంచారు. ప్రపంచంలో ఇదే తొలి ఫుడ్ బ్యాంకు అంటారు.

అదే ఏడాది ఏప్రిల్‌లో సెనేటర్లు రాబర్ట్ కెనెడీ, జోసెఫ్ క్లార్క్ దక్షిణ అమెరికా రాష్ట్రాల్లో బాగా పేద ప్రాంతమైన మిసిసిపీ డెల్టాకు వెళ్లి, తిండిలేక పొట్టలు ఉబ్బిన పిల్లల్ని చూశారు. అప్పటికే ప్రభుత్వ పథకం లేకపోలేదు. 1939లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మొదలై 1943లో ఆగిపోయిన ఫుడ్ స్టాంపులకు, అంటే దుకాణంలో తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే కూపన్లకు, 1964లో చట్టం వచ్చింది. కానీ అందులో ఒక మెలిక ఉంది. స్టాంపులు కావాలంటే ముందు కొంత డబ్బు కట్టాలి. కట్టినదానికన్నా ఎక్కువ విలువైన స్టాంపులు వస్తాయి, నిజమే. చేతిలో ఒక్క డాలరు కూడా లేని కుటుంబం ఏం కట్టగలదు? అందరికన్నా పేదవాళ్లే పథకానికి బయట ఉండిపోయారు. ఈ షరతును 1977 చట్టం తీసేసింది. ఈ మొత్తం చరిత్రలో ఆకలిని నిజంగా తగ్గించిన మార్పుల్లో దీన్ని ముందువరసలో పెడతాను.

1981లో గాలి మారింది. అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ఫుడ్ స్టాంపులకు కోత పెట్టింది. మరుసటి ఏడాది నిరుద్యోగం 10 శాతం దాటింది. అటు ప్రభుత్వ గోడౌన్లలో, పాడి రైతులకు ధర పడిపోకుండా కొని పెట్టిన చీజ్ గుట్టలుగా ఉంది. 1981 డిసెంబరులో దాన్ని పేదలకు పంచమన్నారు. 1983లో ఈ పంపిణీకి ‘తాత్కాలిక అత్యవసర ఆహార సహాయం’ పేరుతో చట్టం చేశారు. సరుకును జనానికి చేర్చే పని ఫుడ్ బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థల మీద పడింది. 1990లో ఆ పేరులోంచి ‘తాత్కాలిక’ అన్న మాట తీసేశారు. ఒక తరం పిల్లలు ఫుడ్ బ్యాంకు సరుకుతోనే పెరుగుతారని, ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే ఒప్పుకున్నట్టయింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

ఈ నమూనా మిగతా దేశాలకూ పాకింది. కెనడాలో 1981లో ఎడ్మంటన్‌లో, ఫ్రాన్స్‌లో 1984లో పారిస్‌లో ఫుడ్ బ్యాంకులు వచ్చాయి. పెద్ద సూపర్ మార్కెట్లు అమ్ముడుపోని ఆహారాన్ని తినడానికి పనికిరాకుండా పాడుచేయకూడదని, దానం చేయడానికి సేవా సంస్థలతో ఒప్పందం చేసుకోవాలని ఫ్రాన్స్ 2016లో చట్టం చేసింది. వృథాను ఆపడానికి అది మంచి చట్టమే. కాకపోతే షాపులో ఏం మిగులుతుందో, ఎంత మిగులుతుందో ఆకలిని బట్టి ఉండదు. దుకాణంలో అమ్మకాలు బాగుంటే ఆ రోజు దానం తగ్గుతుంది. ఇంట్లో పిల్లలకు మాత్రం రోజూ ఒకేలా ఆకలేస్తుంది.

ఫుడ్ బ్యాంకుల్లో పనిచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. తాము ఒక పూట భోజనం ఇస్తే, ఫుడ్ స్టాంపుల పథకం తొమ్మిది పూటలు ఇస్తుందని అమెరికాలో ఫుడ్ బ్యాంకుల అతిపెద్ద సమాఖ్య ఫీడింగ్ అమెరికానే చెబుతుంది. తమ సేవను తక్కువ చేసుకోవడానికి కాదు, ప్రభుత్వం చేయి వెనక్కి తీసుకుంటే ఆ లోటు తాము పూడ్చలేమని చెప్పడానికే ఆ లెక్క చూపిస్తారు.

2021లో అమెరికా ప్రభుత్వం పిల్లలున్న కుటుంబాలకు పన్ను రాయితీ పెంచి, అందులో సగం నెలనెలా నేరుగా వాళ్ల ఖాతాల్లో వేసింది. కరోనా కాలపు మిగతా సాయమూ దానికి తోడైంది. ప్రభుత్వ సాయాన్ని కూడా కలిపి చూసే లెక్కలో పిల్లల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి దిగింది. ఆ ఏడాది చివరితో పెంచిన రాయితీ ఆగిపోయింది. 2022లో అదే లెక్క 12.4 శాతం.